తనంతట తానే

ఫ్యాను ఆగిపోయింది. రెక్కలు మూడూ విడివిడిగా కంటికి కనిపించి, ఒకసారి వెనక్కి ఊగి నిలబడ్డాక గాని కరుణకుమారికి కరెంటు పోయిందని తెలియలేదు. అంతవరకూ ఆమె కళ్లు జెన్నీ ముఖం మీదే ఉన్నాయి. నేల మీద పరుపులో పాప నడుం దాకా దుప్పటితో వెల్లకిలా నిద్రపోతోంది. తల చుట్టూ తెల్లటి గాజుగుడ్డ కట్టు, కట్టు వెనక నుంచి జడలా కిందికి దిగిన రంగురంగుల వైర్లు, ఆ వైర్లన్నీ వెళ్లి కలిసిన సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి ఛాతీ మీద పట్టీతో కట్టి ఉంది. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీ మీద ల్యాప్‌టాప్. దాని తెర నిండా పాప మెదడు గీస్తున్న గీతలు, పై మూల చిన్న చదరంలో నిద్రపోతున్న పాప బొమ్మ. కరెంటు పోగానే ఆ తెర వెలుగు కొంచెం తగ్గింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, ఎవరూ చెప్పలేదు. తనంతట తానే తగ్గించుకుంది.

తగ్గితే తగ్గనీ, వెలుగే కదా, గీతలు కదులుతున్నాయి కదా అనుకుంది. పొద్దున్న విశాఖపట్నం నుంచి వచ్చిన వీరేంద్ర, ఆ వైర్లన్నీ పాప తలకి ఒక్కొక్కటిగా అంటించిన అబ్బాయి, చాలా ఓపిగ్గా చెప్పాడు. “అన్నీ సెట్ చేసేశానండీ. ఇంక మొత్తం ఆటోమేటిక్. మీరు దేన్నీ ముట్టుకోకండి. పాపకి ఫిట్ వస్తే మాత్రం దుప్పటి తీసెయ్యండి, కెమెరాకి అడ్డం రాకండి, ఏం జరుగుతోందో పైకి చెప్పండి, రికార్డులో మీ మాట కూడా పడాలి.” కరెంటు పోతే ఏం చెయ్యాలని ఆమె అడిగింది. అతను నవ్వాడు. “బ్యాటరీ ఉందండీ. ఎప్పుడు ఎంత వాడాలో దానికే తెలుస్తాది.” నక్కపల్లిలో ఇంకో పిల్లాడికి నిన్న పెట్టిన వైర్లు తీసి రావాలట, సాయంత్రానికల్లా వచ్చేస్తానని బండెక్కి వెళ్లిపోయాడు. దానికే తెలుస్తాది. ఆ మాట అచ్చం ఆమె భర్త జోసఫ్ రాజు మాటలా ఉంది. ఫోను ఛార్జింగు నిండగానే ఆమె వైరు పీకేస్తుంటే, అదే ఆపుకుంటాదే, నువ్వెందుకు లేస్తావు అంటాడు. మోటారుకి ఆటోమేటిక్ స్విచ్చి పెట్టించాడు, నీళ్లు నిండితే అదే ఆగుతుంది, అయినా ఆమె మెట్లెక్కి ట్యాంకులోకి తొంగి చూసి వస్తుంది. ఊపిరి కూడా దానంతట అదే ఆడుతుందని లోకమంతా నమ్మి పడుకుంటుంది. రెండేళ్ల నుంచి కరుణకుమారి నమ్మడం లేదు. జెన్నీ పక్కన పడుకుని, పాప ఊపిరి తీస్తే గాని తను తీయదు.

విసనకర్ర లేదు. పాత క్యాలెండరు అట్ట తీసుకుని పాప మెడ దగ్గర విసరసాగింది. మరీ గట్టిగా విసిరితే గీతలు చెదురుతాయేమో. ఒక్క గీత కాదు, బోలెడు, ఒకదాని కింద ఒకటి, పిల్లలు రఫ్ పుస్తకంలో పెన్సిలు అరిగిందో లేదో చూసుకోవడానికి గీసినట్టు వంకర్లు పోతూ ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి. వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో ఆమెకి తెలియదు. తెలియకపోయినా అవి నడుస్తుంటే చాలు. ఇవి రాత్రంతా పాపని మేలుకోబెట్టి సంపాదించిన గీతలు. నిద్ర చాలకపోతే ఫిట్ వచ్చే అవకాశం ఎక్కువ, రాత్రి పడుకోనివ్వకండి, పగలు పడుకోనివ్వండి, అప్పుడు దొరకొచ్చు అన్నాడు డాక్టరు. దొరకొచ్చు. దొంగని పట్టుకున్నట్టు. పాప తూలిపోతుంటే మొహం మీద నీళ్లు కొట్టింది, లూడో ఆడించింది, డాబా మీద నడిపించింది, నిలబడే కళ్లు మూసుకున్న పిల్లని భుజం పట్టి కుదిపింది. “మమ్మీ, ఒక్క నిమిషం పడుకుంటాను, ఒక్కటే” అంటే “వద్దు” అంది. తన గొంతేనా అది. రెండేళ్లుగా ఆమె ప్రార్థన ఒక్కటే, రాకూడదు. ఈ రోజు పొద్దున్న మోకాళ్ల మీద కూర్చుంటే ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. రావాలి అనాలి. కన్నపిల్లకి ఫిట్ రావాలని దేవుణ్ని ఏ నోటితో అడుగుతుంది? తండ్రీ, నీకు తెలుసు అని మాత్రం అని లేచింది.

రావాలి. ఇప్పుడే, ఈ గీతలు నడుస్తున్నప్పుడే రావాలి. విశాఖపట్నంలో రెండుసార్లు అరగంటేసి ఈ గీతలే తీశారు, రెండుసార్లూ నార్మల్. ఆ నార్మల్ అన్న మాట పట్టుకుని జోసఫ్ రాజు ఎంత సంతోషించాడో. ఆయన కొండల మీద కొయ్యూరులో హాస్టలు వార్డెను, శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం పొద్దున్న బస్సుకి వెళ్లిపోతాడు. ఆయన ఉన్నప్పుడు ఫిట్ రాదు. మొదటిసారి ఆదివారమే వచ్చింది గాని, ఆ టైముకి ఆయన చేపలకని బజారుకెళ్లాడు. చర్చి నుంచి వచ్చి అన్నం తిని పడుకున్న పిల్ల నోట్లోంచి నీళ్లు పుక్కిలిస్తున్నట్టు చప్పుడు. కల కంటోందనుకుంది కరుణకుమారి. తిరిగి చూస్తే మూతి కుడి చెంప మీదికి లాగేసి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, ఆ కళ్లలో తన బిడ్డ లేదు. పక్కింటి శ్యామలాంబ గారు పరిగెత్తుకొచ్చి పాప చేతిలో తాళాల గుత్తి పెట్టి పిడికిలి మూశారు. ఆయన చేపల సంచీతో గుమ్మంలోకి వచ్చేసరికి అంతా అయిపోయి పాప గుర్రు పెట్టి నిద్రపోతోంది. “నిద్దట్లో ఉలిక్కిపడి ఉంటాదిలే” అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ఆయనకి అది ఫోనులో విన్న కబురే. “వీడియో తియ్యొచ్చు కదా” అనేవాడు. తీసింది. మొదటి రెండు క్షణాలు పాప దుప్పటి, ఆ తర్వాత గోడ, ఆ తర్వాత ఇంటి కప్పు, వెనకాల తన ఏడుపు. ఫోను పట్టుకుని నిలబడి తియ్యడం ఆమె వల్ల కాలేదు. ఏ తల్లి వల్ల అవుతుంది? ఆ కప్పు బొమ్మ చూసి ఆయన ఫోను తిరిగిచ్చేసి స్నానానికి వెళ్లిపోయాడు. అదే ఆమెకి గుచ్చుకుంది.

క్యాలెండరు అట్ట ఆగింది. జెన్నీ పెదవి కదిలిందా? లేదు. ఈగ. ఈగని తోలింది.

క్లాసు పరీక్ష రోజున బల్ల మీద తల వాల్చి నిద్రపోయిన పిల్లకి అక్కడే వచ్చింది. లక్ష్మీసాహితి టీచరు చూసింది, చూసి కూడా, “మేడమ్, ఏమీ అనుకోకండి, తను పరీక్ష తప్పించుకోడానికి యాక్షన్ చేస్తున్నట్టుంది. రిపోర్టులు కూడా నార్మల్ అంటున్నారు కదా” అంది. అదే బడిలో కరుణకుమారి ఆరేళ్లు చిన్న తరగతులకి పాఠాలు చెప్పింది, ఆ టీచరుతో ఒకే డబ్బాలో అన్నం తింది. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేసింది. జెన్నీ పెద్ద గోల చెయ్యలేదు. ఒక రోజు తల దువ్వించుకుంటూ అడిగింది, “మమ్మీ, నాకు తెలీకుండా నేనే అలగ చేస్తన్నానా?” అని. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. అత్తమ్మ ఎస్తర్ రాణి గారు, ఇది మందుల జబ్బు కాదు, చర్చి ఉపవాస కూటంలో నిలబెడదాం అన్నారు. నిలబెట్టారు. అందరూ పిల్ల తల మీద చేతులు వేసి గట్టిగా ప్రార్థన చేస్తుంటే పాప భయపడి తల్లి చీర వెతుక్కుంది. మొన్న డాక్టరు కూడా మాట మెల్లగా దించాడు. ఇంట్లో ఒకసారి తీసి చూద్దామమ్మా, దీనిలో కూడా ఏమీ దొరక్కపోతే మనసుకి సంబంధించిన డాక్టరుకి చూపించాల్సి ఉంటుంది, ఈ మందులూ ఆపెయ్యాలి. ఆపెయ్యాలి. మందులు వేస్తుండగానే ఇలా వస్తోంది, ఆపేస్తే ఏ తెల్లవారుజామునో బోర్లా తిరిగి, దిండులో ముఖం పెట్టి, ఎవరూ చూడకుండా... కరుణకుమారి ఆ ఆలోచనని అక్కడే ఆపేసింది. ఆపితే ఆగేది కాదు అది.

తెర ఆరిపోయింది.

నల్లగా. అద్దంలా. అందులో కిటికీ వెలుతురు, ఆ వెలుతురులో తన తల నీడ. గీతలు లేవు, పాప బొమ్మ లేదు. తెర మాత్రమే ఆరిందా, అంతా ఆగిపోయిందా? లోపల నడుస్తూనే ఉందేమో. ముట్టుకోకండి అన్నాడు. ముట్టుకుంటే ఏదైనా చెరిగిపోతే? రాత్రంతా పిల్లని ఏడిపించి తెచ్చుకున్న నిద్ర, మళ్లీ ఎప్పుడు ఆ అబ్బాయి వస్తాడో, మళ్లీ ఎలా మేలుకోబెట్టడం. ముట్టుకోకపోతే? వీరేంద్రకి ఫోను చేసింది. కరెంటు పోతే ఈ వీధిలో సిగ్నలు ఒక గీతకి పడిపోతుంది. మీరు డయల్ చేసిన చందాదారు అంటూ ఆ అమ్మాయి నింపాదిగా చెప్పుకుపోతోంది. మళ్లీ చేసింది. అదే అమ్మాయి, అదే నింపాది. బండి మీద ఉన్నాడేమో, నక్కపల్లి రోడ్డులో ఏ చెట్టు కిందో. బయట ఆటో ఒకటి అబీద్ సెంటరుకి జనాన్ని పిలుచుకుంటూ పోతోంది. ఇంత మామూలు మధ్యాహ్నంలో తనొక్కర్తే ఇలా నల్ల తెర ముందు చెమటలు కక్కుతూ కూర్చుంది.

ఒక వేలు. ఒక్క వేలు పెట్టి చూస్తుంది. మీటల కింద ఉన్న నున్నటి చదరం మీద వేలు ఆనించగానే తెర వెలిగింది, ఆమె ప్రాణం లేచొచ్చింది. పాప బొమ్మ ఉంది. గీతలు ఉన్నాయి, నడుస్తున్నాయి. కింద మూల చిన్న ఆకు గుర్తు, ఎనర్జీ సేవర్ ఆన్ అయిందని ఇంగ్లిషులో ఒక ముక్క. అంటే వెలుగు తగ్గించిందీ, తెర ఆర్పిందీ అదే. ఎవరూ ముట్టుకోకపోతే తనతో ఎవరికీ పని లేదనుకుంటుంది. లాక్‌డౌనులో ఆన్‌లైను పాఠాలు చెప్పినప్పుడు బడి ల్యాప్‌టాపు ఇలాగే చేసేది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ రెండు నిమిషాలు తను చెయ్యి పెట్టకపోతే నల్లబడేది. ప్లగ్గులో ఉన్నప్పుడు ఒక లెక్క, బ్యాటరీ మీద ఇంకో లెక్క అని కంప్యూటరు సారు హేమసుందర్ చూపించాడు. ప్లగ్గులో ఉంటే నిద్రపోవద్దని చెప్పినంత మాత్రాన బ్యాటరీ మీద నిద్రపోకుండా ఉండదట, దానికి విడిగా చెప్పాలట. వీరేంద్ర ప్లగ్గుకి చెప్పి వెళ్లాడు. బ్యాటరీకి చెప్పడం మర్చిపోయాడా? ఇప్పుడు తెర ఆరింది. కాసేపటికి మొత్తం నిద్రపోతుంది. ముట్టుకోకుండా కూర్చుంటే, తన కళ్లెదురుగానే...

ఆమె అలా ఆలోచిస్తుండగానే గీతలన్నీ ఒక్కసారి తిన్నగా అయిపోయాయి.

పై నుంచి కింది దాకా అన్నీ. ఒక్క వంకర లేదు. స్కేలు పెట్టి గీసినట్టు. సినిమాల్లో ఆస్పత్రి మంచం పక్కన అలా గీత తిన్నగా అయితే అందరూ ఏడుస్తారు. కరుణకుమారి ఏడవలేదు, అరవలేదు, ఒంట్లో ఏ భాగమూ కదల్లేదు. ఆ ఒక్క క్షణంలో ఆమెకి శవపేటిక కనిపించింది, తెల్ల గౌను కనిపించింది, తను మేలుకోబెట్టిన రాత్రి కనిపించింది, ఒక్క నిమిషం పడుకుంటాను మమ్మీ. మోకాళ్ల మీద పాకి పాప దగ్గరికి వెళ్లింది. ముక్కు కింద వేలు పెట్టింది. ఏమీ తెలియలేదు. వేలు చెమటగా ఉంది, చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. వెచ్చగా తగిలింది. మళ్లీ తగిలింది. ఛాతీ మీద డబ్బా లేస్తోంది, దిగుతోంది. ఉంది. పిల్ల ఉంది. పిల్ల నిక్షేపంగా ఉంది, ఆ దిక్కుమాలిన తెర మీదే లేదు.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. ల్యాప్‌టాపు పక్కన గుచ్చిన గోరంత రిసీవరులో పొద్దుట్నుంచి పచ్చగా వెలుగుతున్న చుక్క ఇప్పుడు లేదు. పాప ఛాతీ మీద డబ్బాలో చుక్క వెలుగుతూనే ఉంది. పంపేది పంపుతోంది, అందుకునేది నిద్రపోయింది. వైరు లేని మౌసు కూడా ఇలాగే చచ్చిపోయేది బళ్లో. పీకి గుచ్చితే బతికేది, మళ్లీ కాసేపటికి చచ్చేది. కరెంటు మిగుల్చుకోడానికి అదే కట్ చేసేస్తుంది టీచర్, దానికి ఆ అధికారం మనమే ఇస్తాం, ఈ టిక్కు తీసేస్తే చెయ్యదు అని హేమసుందర్ ఒకచోట నొక్కి చూపించాడు. ఎక్కడ? ఎక్కడ నొక్కాడు? అప్పుడు ఆమె వినలేదు, ఆ రోజు టిఫినులో ఏం తెచ్చుకుందో గుర్తుంది గాని అది గుర్తు లేదు. ముట్టుకోకండి, ముట్టుకోకండి. ఆ అబ్బాయి గొంతు చెవిలోనే ఉంది. పాడు చేస్తే ఎవరిదమ్మా తప్పు అంటారు. రికార్డు ఆపేసింది మీరే అంటారు. తల్లే ఆపేసిందట అంటారు బళ్లో. కావాలనే. అయినా ఒక్క మాట మాత్రం తేటగా తెలుస్తోంది. ఇప్పుడు వస్తే, ఈ తిన్నటి గీతల మీద వస్తే, ఇది కూడా నార్మల్ అవుతుంది.

ముందు సెట్టింగుల్లోకి వెళ్లింది. పవర్ అన్న మాట వెతుక్కుంది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు తెర ఎప్పుడు ఆర్పాలి, ఎప్పుడు నిద్రపోవాలి అని రెండు వరసలు. రెండింటి ఎదుటా ఎప్పటికీ వద్దు అన్నది నొక్కింది. ఆకు గుర్తు తీసేసింది. తెర భగ్గుమని వెలిగింది, ఇంత వెలుగైతే బ్యాటరీ బేగి అయిపోతుందని మీటతో మెట్టు మెట్టుగా తనే తగ్గించింది, గీతలు కనిపించేంత ఉంచింది. తర్వాత లోపలి పరికరాలన్నీ ఉండే చోటు, డివైజ్ మేనేజర్. ఆ పేరు కంటికి తగలగానే హేమసుందర్ నిలబడ్డ తీరు కూడా గుర్తొచ్చింది, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని. ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఒకచోట దొరికింది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటరుకి అనుమతి. ఎదురుగా టిక్కు. తీసేసింది. ఇంకోదానిలోనూ తీసేసింది. ఇంక రిసీవరు పీకి గుచ్చాలి. రెండు వేళ్లతో పట్టుకుంది. యేసయ్యా అంది. పీకింది. తెర మీద ఏదో ఎర్రటి ముక్క వచ్చింది. గుచ్చింది. ఏమీ లేదు. ఏమీ లేదు. పచ్చచుక్క. గీతలు ఒక్కసారి పైకీ కిందికీ ఎగిరి, సర్దుకుని, మళ్లీ ఆ పిచ్చి వంకర్లు పోతూ నడిచాయి. ఆమె పక్కకి ఒరిగి కుర్చీ కాలు పట్టుకుని కూర్చుండిపోయింది, నుదురు కుర్చీ అంచుకి ఆనించి. పాప వైపు వీపు పెట్టి కూర్చున్నానని కూడా తెలియలేదు.

తల ఎత్తేసరికి పై మూల చదరంలో, అగ్గిపెట్టంత బొమ్మలో, జెన్నీ కుడి బొటనవేలు కొట్టుకుంటోంది.

గీతలు మారిపోతున్నాయి. సగం గీతలు చిక్కగా, నల్లగా, రంపం పళ్లలా. ఆమె తిరిగేసరికి మూతి లాగడం మొదలైంది. దుప్పటి తీసి విసిరేసింది. పాపని ఎడమ పక్కకి ఒత్తిగిలించింది, గడ్డం కొంచెం పైకి ఎత్తింది, ఉమ్మి కిందికి కారేలా. ఒళ్లో పడేసుకుని గుండెలకి అదుముకోవాలని రెండు చేతులూ లాగుతున్నాయి. అదుముకుంటే కెమెరాకి తన వీపే కనిపిస్తుంది. పక్కకి జరిగింది. పాప వెనకవైపు మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి మాత్రం పాప భుజం మీద ఉంచి, కెమెరా వైపు చూసింది. చెప్పాలి. పైకి చెప్పాలి. “కుడి... కుడి సెయ్యి కొట్టుకుంటంది. బొటనేలుతో మొదలైంది. మూతి కుడివైపుకి లాగుతంది. కళ్లు తెరిసే ఉన్నాయి. జెన్నీ. జెన్నీ, మమ్మీ సెయ్యి పట్టుకో. పట్టుకోట్లేదు. పిలిస్తే పలకట్లేదు.” పాఠం చెప్పేటప్పుడు తెచ్చిపెట్టుకున్న భాషంతా పోయి, తన తల్లి మాట్లాడిన మాట వచ్చింది. “ఇప్పుడు కుడి కాలు కూడా. నోట్లోంచి చప్పుడొస్తంది. నీలంగా అవుతన్నాయి పెదాలు.” రెండేళ్లుగా ఇవే మాటలు ఆమె భర్తకి చెప్పింది, డాక్టరుకి చెప్పింది, టీచరుకి చెప్పింది. అందరూ తల ఊపారు. ఇప్పుడు కెమెరాలోని ఒక గాజు చుక్కకి చెబుతోంది. అది తల ఊపలేదు, ఆపమనలేదు, చూస్తూనే ఉంది. అయిపోవాలి, అయిపో, అయిపో. లోపల అలా అరుస్తూనే ఇంకో మూల నుంచి ఇంకో మాట, అన్నీ పడనీ, అన్నీ పడనీ. ఆ రెండో మాట విని ఆమెకి తన మీద తనకే భయం వేసింది.

కొట్టుకోవడం నెమ్మదించింది. మెల్లగా, ఎడంగా, ఒకటి, ఆగి ఇంకొకటి. పాప పొడుగ్గా ఊపిరి తీసింది. ఆ ఊపిరితో పాటు పెదాలకి రంగు తిరిగొచ్చింది. “ఆగింది” అంది కరుణకుమారి కెమెరాకి. “గుర్రు పెడతంది. ఎప్పుడూ ఇలగే పడుకుండిపోతాది.” ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక, “అంతేనండీ” అంది. అప్పుడు గాని పాప చెమట తుడవలేదు.

వీరేంద్ర వచ్చేసరికి ఫ్యాను తిరుగుతోంది. కరెంటు ఎప్పుడొచ్చిందో ఆమె గమనించలేదు, పాప ముఖం మీద గాలి తగలడం మాత్రం చూసింది. అతను గుమ్మంలోనే హెల్మెట్టు తీస్తూ, “దార్లో ఉండగా మీ మిస్డ్ కాల్స్ వచ్చాయండీ, ఇక్కడ కరెంటు పోయిందట కదా” అన్నాడు. మొహం పాలిపోయి ఉంది. చెప్పులు విప్పి ల్యాప్‌టాపు ముందు కూర్చున్నాడు. వెనక్కి జరుపుతూ వెళ్లాడు. గీతలు తిన్నగా అయిన చోట ఆగి, నాలుక కరుచుకున్నాడు. “బ్యాటరీది మార్చలేదు నేను. అయ్యో.” “నేను ముట్టుకున్నానండీ” అంది కరుణకుమారి. అతను వినలేదు, ముందుకి జరుపుతున్నాడు. గీతలు మళ్లీ నడిచాయి. తర్వాత రంపం పళ్లు వచ్చాయి. అతను చెయ్యి తీసేసి తెరకి దగ్గరగా వంగాడు. తెరలోంచి ఆమె గొంతు చిన్నగా వినిపిస్తోంది, కుడి సెయ్యి కొట్టుకుంటంది, బొటనేలుతో మొదలైంది. తెర మీద వేలు పెట్టి అన్నాడు, “పడిందండీ. మొదట్నుంచీ పడింది. ఎడమ పక్క ఇక్కడ మొదలై ఇలా పాకింది చూడండి. డాక్టరు గారు చూసి చెప్తారు గాని, ఇది యాక్షన్ కాదండీ. ఇలాంటి గీతలు ఎవరూ యాక్షన్ చెయ్యలేరు.”

సంతోషపడాలి కదా. నిజమన్నమాట. ఇన్నాళ్లూ నిజమని కొట్లాడింది గాని, లోపలెక్కడో ఒక మూల, కాకపోతే బాగుండును, అందరూ అన్నట్టు నాటకమే అయితే ఎంత బాగుండును అని దాచుకుంది. ఆ మూల కూడా ఇవాళ ఖాళీ అయిపోయింది. పాప తలలో ఎడమ పక్క ఒకచోట ఉంది అది. ఉంటుంది. మందులు మారుస్తారు, ఇంకా ఏవేవో పరీక్షలు తీస్తారు, ఈ వైర్లు ఇంకెన్నిసార్లు.

ఫోను మోగింది. జోసఫ్ రాజు. ఊళ్లో కరెంటు పోయిందని ఆయన తల్లి ఎస్తర్ రాణి గారు ఫోనులో చెప్పారట. “కరుణా, ఏటైంది? రికార్డు ఆగిపోయిందా? పోనీలే, కంగారు పడకు. ఎలాగూ నార్మలే వస్తాది...” ఆమె మధ్యలోనే ఫోను వీరేంద్ర చేతికిచ్చింది. అతను లేచి నిలబడి, సార్, వచ్చిందండీ, పూర్తిగా పడింది అంటూ చెప్పాడు. ఎంతసేపుందో చెప్పాడు, పెదాలు నీలమయ్యాయని చెప్పాడు, మేడమ్ ఒక్కరే ఉన్నారని చెప్పాడు. అవతల హాస్టలు పిల్లల కేకలు దూరంగా వినిపించాయి. వీరేంద్ర ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

“ఏవండీ” అంది.

“ప్రతిసారీ ఇంతసేపుంటాదా?” ఆయన గొంతు ఆయనదిలా లేదు.

“ఉంటాదండీ.”

“ఇప్పుడు ఊపిరాడతందా? సరిగా సూడు కరుణా. దగ్గరికెళ్లి సూడు.”

“సూస్తన్నాను. పడుకుంది.”

“ఫోను దాని మూతి దగ్గర పెట్టు. పెట్టి ఉంచు. నువ్వు కట్ సెయ్యకు. నేను బస్సుకొచ్చేస్తాను, అంతవరకూ కట్ సెయ్యకు.”

కరుణకుమారి స్పీకరు వేసి ఫోనుని దిండు మీద జెన్నీ నోటి పక్కన పెట్టింది. పాప గుర్రు పెడుతోంది. కొయ్యూరు నుంచి ఇంకో ఊపిరి వినిపిస్తోంది, బరువుగా, తడబడుతూ, పాప ఊపిరి కోసం ఆగి ఆగి తీస్తున్నట్టు. వీరేంద్ర చప్పుడు కాకుండా ల్యాప్‌టాపు వైర్లు చుట్టుకుంటున్నాడు. ఆమె గోడకి చేరబడింది. భయం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. కానీ ఆ కొండల్లో ఒక మనిషి బస్సు కోసం పరిగెడుతూ అదే భయం పడుతున్నాడని తెలిశాక, ఎన్నాళ్లకో ఆమె కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి.